సూ ఎన్‌క్విస్ట్: ఆడిన జట్టుకే శిక్షకురాలైన సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. 2028 ఒలింపిక్స్‌లోకి బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆట మళ్లీ వస్తోంది. ఆతిథ్యం లాస్ ఏంజెలెస్‌దే అయినా ఈ ఆటను మాత్రం ఓక్లహోమా సిటీలో ఆడిస్తారు. అమెరికా కళాశాల సాఫ్ట్‌బాల్‌కు ఆ ఊరే పుట్టిల్లు లాంటిది. 1990 నుంచి జాతీయ టైటిల్ తేల్చే కళాశాల మహిళల ప్రపంచ సిరీస్ దాదాపు ప్రతి ఏటా అక్కడే జరుగుతోంది. ఈ సందర్భంలో నేను ఎంతో గౌరవించే ఒక మనిషి గురించి రాయాలనిపించింది. ఆమె సూ ఎన్‌క్విస్ట్.

1972లో అమెరికాలో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. సమాఖ్య ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదని దాని సారాంశం. ఆ తర్వాతే విశ్వవిద్యాలయాలు అమ్మాయిల జట్లను పట్టించుకోవడం మొదలుపెట్టాయి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో షారన్ బ్యాకస్ శిక్షకురాలిగా 1975లో సాఫ్ట్‌బాల్ జట్టు మొదలైంది. అదే ఏడాది అదే ప్రాంగణంలో జాన్ వుడెన్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు పదో జాతీయ టైటిల్ అందించి విరమించుకున్నారు. అందరి చూపూ అటే ఉన్న కాలంలో, పేరు లేని జట్టులో ఎన్‌క్విస్ట్ సెంటర్ ఫీల్డర్‌గా చేరింది. 1978లో ఆ జట్టు ఒమాహాలో జాతీయ టైటిల్ గెలిచింది. అప్పటికి అమెరికా కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంఘం మహిళల పోటీలు నిర్వహించడమే లేదు, వాటిని ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంఘం చూసుకునేది. యూసీఎల్ఏ సాఫ్ట్‌బాల్ నుంచి ఆల్ అమెరికన్ (దేశంలోని మేటి కళాశాల క్రీడాకారులకిచ్చే) గుర్తింపు పొందిన తొలి క్రీడాకారిణి ఆమే. కళాశాల రోజుల మొత్తానికి ఆమె బ్యాటింగ్ సగటు .401. పది సార్లు బ్యాటు పట్టి మూడు సార్లు క్షేమంగా బేస్ చేరితేనే మంచి బ్యాటర్ అనే ఆట ఇది. ఆమె నాలుగు సార్లు చేరింది.

నన్ను అసలు ఆకట్టుకున్నది ఆ తర్వాతి కథ. 1980లో ఆమె బ్యాకస్ దగ్గర సహాయ శిక్షకురాలిగా చేరింది. 1988 వరకు అదే పదవి. 1989 నుంచి 1996 దాకా బ్యాకస్‌తో కలిసి ఉమ్మడి ప్రధాన శిక్షకురాలు. 1997లో గానీ జట్టు పూర్తిగా ఆమె చేతికి రాలేదు. అంటే పదిహేడు సీజన్లు మరొకరి పక్కన కూర్చుని పని నేర్చుకుంది, పని పంచుకుంది. ఆ తర్వాత పదేళ్లు ఒంటరిగా నడిపి 2006లో విరమించుకుంది. ఉమ్మడి కాలంతో కలిపి ఆమె లెక్క 887 గెలుపులు, 175 ఓటములు, ఒక డ్రా.

మంచి ఆటగాళ్లందరూ మంచి శిక్షకులు కారని మనకు తెలుసు. ఆ తేడా ప్రతిభలో ఉందని చాలామంది అంటారు. తేడా అంతా ఆ పదిహేడేళ్లలోనే ఉందని నా నమ్మకం. మీరేమంటారు?

వ్యాయామ మాస్టారు

గోదారిగట్టు గారూ, చాలా మంచి విషయం ఎత్తారు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. మా అమ్మాయిల జట్టు ఏటా పాఠశాలల క్రీడా పోటీలకు వెళ్తుంది. సాఫ్ట్‌బాల్ అంటే మెత్తటి బంతితో ఆడే పిల్లల ఆట అని మా సిబ్బందిలోనే కొందరి అభిప్రాయం. పన్నెండు అంగుళాల చుట్టుకొలత ఉన్న గట్టి బంతి అది. కళాశాల స్థాయిలో పిచర్ 43 అడుగుల దూరం నుంచి చేతిని గుండ్రంగా తిప్పి విసిరితే, బ్యాటర్‌కు తేల్చుకోవడానికి సెకనులో సగం కూడా దక్కదు. ఇది చదివేవారు ముందు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలని మనవి.

ఇక మీ ప్రశ్న. మీరు చెప్పిన దాంట్లో నాకు ముఖ్యంగా తోచింది ఆమె సెంటర్ ఫీల్డర్ కావడం. మైదానంలో ఆట మొత్తం కళ్లెదుట కనిపించే చోట్లు రెండే. ఒకటి బ్యాటర్ వెనక మోకాళ్ల మీద కూర్చునే క్యాచర్ చోటు, రెండోది దూరంగా నడిమధ్య నిలబడే సెంటర్ ఫీల్డ్. మిగతావాళ్లు తమ వైపు వచ్చే బంతిని చూస్తారు, ఈ ఇద్దరూ తోటివాళ్ల కాళ్లు ఎటు కదులుతున్నాయో చూస్తారు. నా పిల్లల్లో తర్వాతి తరగతి వాళ్లకు ఆట నేర్పగలిగినవాళ్లు ఎప్పుడూ ఈ రెండు చోట్ల నుంచే వచ్చారు. ఎన్‌క్విస్ట్ తర్వాత ఆ జట్టు ఎవరి చేతికి వెళ్లింది?

గోదారిగట్టు

మాస్టారూ, సరిగ్గా అడిగారు. ఆ తర్వాత వచ్చింది క్యాచరే! కెల్లీ ఇనౌయే పెరెజ్. ఎన్‌క్విస్ట్ ఉమ్మడి శిక్షకురాలిగా ఉన్న రోజుల్లోనే 1989 నుంచి 1993 మధ్య ఆ జట్టుకు ఆడింది. 1989, 1990, 1992 టైటిళ్లు గెలిచిన జట్లలో ఉంది. ఆట ముగిసిన వెంటనే సహాయ శిక్షకురాలిగా అక్కడే చేరి, 2007లో ఎన్‌క్విస్ట్ స్థానంలోకి వచ్చింది. 2010లో, మళ్లీ 2019లో టైటిల్ తెచ్చింది. 1975 నుంచి ఇప్పటి దాకా యూసీఎల్ఏ సాఫ్ట్‌బాల్‌కు ప్రధాన శిక్షకులు ముగ్గురే: బ్యాకస్, ఎన్‌క్విస్ట్, ఇనౌయే పెరెజ్. ముగ్గురూ స్త్రీలే. తర్వాతి ఇద్దరూ ఆ జట్టులో ఆడి, ముందున్నవారి దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకున్నవాళ్లే.

నిర్మల

మీ ఇద్దరి ఉత్సాహం నాకూ ఉంది గానీ, ఒక జట్టు చరిత్ర చూసి సూత్రం కట్టేయకూడదు. అరిజోనా విశ్వవిద్యాలయం మాటేమిటి? మైక్ కాండ్రియా అక్కడ 1986 నుంచి 2021 దాకా ప్రధాన శిక్షకుడు. ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిపించారు. 2004 ఏథెన్స్‌లో అమెరికా జట్టుకు స్వర్ణం, 2008 బీజింగ్‌లో రజతం ఆయన శిక్షణలోనే వచ్చాయి. ఆయన కళాశాలలో ఆడింది బేస్‌బాల్. కళాశాలలో సాఫ్ట్‌బాల్ ఆడకుండానే ఎన్‌క్విస్ట్‌కు సరిజోడుగా నిలిచారు. కాబట్టి ఆ ఆటే ఆడి ఉండాలన్న నియమం లేదు.

ఇక మరొకరి పక్కన పదిహేడేళ్లు కూర్చోవాలా? ప్యాటీ గాసో అలా కూర్చోలేదు. ఆమె లాంగ్ బీచ్ స్టేట్‌కు ఆడింది. తర్వాత లాంగ్ బీచ్ సిటీ కాలేజీ అనే రెండేళ్ల కళాశాలలో తానే ప్రధాన శిక్షకురాలై, అక్కడి నుంచి 1995 సీజన్‌కు ఓక్లహోమాకు వెళ్లింది. వెళ్లేసరికి ఆ జట్టుకు సొంత మైదానం కూడా లేదు. ఊరి ఉద్యానవనంలో ఆడుకునేవాళ్లు. 2000లో తొలి టైటిల్. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు. 2023లో ఆమె జట్టు 61 ఆటలు గెలిచి ఒక్కటే ఓడింది. చిన్న చోట పూర్తి బాధ్యత భుజాన వేసుకుని నేర్చుకోవడం కూడా శిష్యరికమే. పెద్ద చోట రెండో కుర్చీ కంటే అది తక్కువది కాదు.

గణాంకాల గోపి

చర్చ బాగుంది. ఎన్‌క్విస్ట్ టైటిళ్ల లెక్క ఇక్కడ ఒకసారి స్పష్టంగా పెడతాను, ఎందుకంటే బయట రకరకాల అంకెలు తిరుగుతుంటాయి.

క్రీడాకారిణిగా ఒకటి, 1978. సహాయ శిక్షకురాలిగా నాలుగు: 1982, 1984, 1985, 1988. వీటిలో 1982ది ఎన్‌సీఏఏ నిర్వహించిన మొట్టమొదటి మహిళల సాఫ్ట్‌బాల్ టైటిల్. ఉమ్మడి, ప్రధాన శిక్షకురాలిగా ఆరు: 1989, 1990, 1992, 1999, 2003, 2004. మొత్తం పదకొండు.

1995లోనూ యూసీఎల్ఏ గెలిచింది. ఆ టైటిల్‌ను ఎన్‌సీఏఏ తర్వాత రద్దు చేసింది. సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణులకు వేరే ఆట కోటాలోని ఉపకార వేతనాలు ఇచ్చి, పరిమితి దాటారన్నది అభియోగం. అప్పుడు బ్యాకస్, ఎన్‌క్విస్ట్ ఇద్దరూ ఉమ్మడి ప్రధాన శిక్షకులు. ఆమె గొప్పతనం చెప్పుకునేటప్పుడు దీన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. పరిమితి అనేది అందరికీ ఒకటే అయినప్పుడే గెలుపుకు విలువ. ఎదురుగా ఆడి ఓడిన అమ్మాయిలకు ఆ ఏడాది తిరిగి రాదు కదా.

గోదారిగట్టు

గోపి గారూ, ఆ మాట రాసినందుకు ధన్యవాదాలు. 1995 విషయం దాచాల్సింది కాదు, తక్కువ చేయాల్సింది కూడా కాదు. అది ఆమె జీవితంలో భాగమే. ఆ శిక్ష కాలంలోనే బ్యాకస్ విరమించుకోవడం, జట్టు పూర్తి భారం ఎన్‌క్విస్ట్ మీద పడటం జరిగాయి. నాలుగేళ్లకు 1999లో నియమాల లోపల ఉండి మళ్లీ టైటిల్ గెలిచారు. ఆ 1999 గెలుపును నేను 1992 కంటే కూడా ఎక్కువ గౌరవిస్తాను. 2003 ఫైనల్ అయితే మరీ అపురూపం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మీద కీరా గోయెర్ల్ తొమ్మిది ఇన్నింగ్స్ పాటు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా విసిరింది. ఏడు ఇన్నింగ్స్‌లో ముగిసే ఆట తొమ్మిదికి సాగినా ఆమె చేయి సడలలేదు.

నిర్మల గారూ, కాండ్రియా, గాసోల సంగతి కాదనను. కానీ కాండ్రియా తర్వాత అరిజోనాకు ఎవరు వచ్చారో చూడండి. కైట్లిన్ లోవ్. ఆయన జట్టులోనే ఆడి 2006, 2007 టైటిళ్లు గెలిచిన అమ్మాయి. మాస్టారు గారికి నచ్చే సంగతి, ఆమె కూడా సెంటర్ ఫీల్డరే.

వ్యాయామ మాస్టారు

నచ్చడం ఏమిటండీ, రేపు ప్రార్థన సమావేశంలో మా పిల్లలకు చెబుతాను!

సరళ_ఇర్విన్

నమస్కారమండీ. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఈ చర్చ నా ఇంటి విషయం కావడంతో రాస్తున్నాను. మా అమ్మాయి పదో తరగతి. క్యాచర్. ఎనిమిదేళ్ల వయసు నుంచి ఆడుతోంది. కళాశాలలో ఆడి, ఆ తర్వాత శిక్షకురాలిని అవుతానంటోంది. ఇండియా నుంచి మా అత్తగారు, మా అన్నయ్య ఫోను చేసిన ప్రతిసారీ ఒకటే మాట: ఆట ఆడుకోనివ్వు, కానీ బతుకుతెరువు ఆట కాకూడదు. నాకు దానికి గట్టి సమాధానం దొరకడం లేదు. అమ్మాయిని నిరుత్సాహపరచడం ఇష్టం లేదు, అబద్ధపు ఆశ పెట్టడమూ ఇష్టం లేదు. ఈ దారిలో నిజంగా ఏముంది? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

నిర్మల

సరళ గారూ, ముందుగా డాట్ రిచర్డ్‌సన్ కథ మీ అన్నయ్య గారికి చెప్పండి. 1980ల మొదట్లో యూసీఎల్ఏకు షార్ట్‌స్టాప్‌గా ఆడింది, 1982 టైటిల్ జట్టులో ఉంది. తర్వాత వైద్యం చదివి ఎముకల శస్త్రచికిత్స నిపుణురాలైంది. ఆ శిక్షణ మధ్యలోనే 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఆడి, చైనాతో ఫైనల్లో గెలుపు హోమ్ రన్ కొట్టింది. 2000 సిడ్నీలో రెండో స్వర్ణం. ఇంత చేశాక 2013లో లిబర్టీ విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌బాల్ ప్రధాన శిక్షకురాలిగా చేరింది. 2025లో ఆమె జట్టు దేశంలో మొదటి సీడ్ అయిన టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ను ప్రాంతీయ దశలోనే ఇంటికి పంపింది. డాక్టరు కావడమా, ఆట కావడమా అనే ప్రశ్నకు ఆ మనిషి జీవితమే జవాబు. రెండూ చేతనైనప్పుడు ఒకటి వదలమని ఎవరు చెప్పగలరు?

గణాంకాల గోపి

సరళ గారూ, నాకు తెలిసిన నియమాలు చెబుతాను. సాఫ్ట్‌బాల్‌లో కళాశాల శిక్షకులు అమ్మాయిలతో నేరుగా ఎంపిక గురించి మాట్లాడేందుకు పదకొండో తరగతి సెప్టెంబర్ 1 వరకు ఆగాలి. 2018లో ఈ నియమం తెచ్చారు. అంతకుముందు ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లల చేత కూడా తమ కళాశాలలోనే చేరతామని మాట ఇప్పించుకునేవారు. మీ అమ్మాయికి ఇంకా సమయం ఉంది, ఎవరు తొందరపెట్టినా లొంగవద్దు.

ఉపకార వేతనాల సంగతి: కళాశాల క్రీడల్లో అగ్రశ్రేణి అయిన మొదటి డివిజన్‌లో చాలా ఏళ్లపాటు ఒక జట్టుకు పన్నెండు పూర్తి వేతనాలే ఉండేవి. వాటిని ఇరవై మందికి ముక్కలుగా పంచేవారు. 2025-26 నుంచి, ఎన్‌సీఏఏ మీది కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో ఆ పరిమితి పోయి, దాని బదులు జట్టులో 25 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. డబ్బు పెరిగే అవకాశం ఉంది, చోట్లు తగ్గే ప్రమాదమూ ఉంది.

శిక్షకుల వైపు ఒక మంచి మార్పు జరిగింది. ఇదివరకు జట్టుకో స్వచ్ఛంద సహాయకురాలు ఉండేది. రోజంతా పని, జీతం శూన్యం. ఆట ముగించిన అమ్మాయిలు చాలామంది అక్కడే మొదలుపెట్టేవారు. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవారే నిలదొక్కుకునేవారు, మిగిలినవారు వేరే ఉద్యోగాలు చూసుకునేవారు. 2023 జూలై నుంచి ఎన్‌సీఏఏ ఆ వర్గాన్నే తీసేసింది. ఇప్పుడు ఆ స్థానానికి జీతం ఇవ్వవచ్చు. మీ అమ్మాయి తరానికి ఇది చిన్న విషయం కాదు.

నిర్మల

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. టైటిల్ నైన్ వచ్చేనాటికి అమెరికా కళాశాలల్లో మహిళల జట్ల శిక్షకుల్లో నూటికి తొంభై మందికి పైగా స్త్రీలే ఉండేవారు. జీతాలు నామమాత్రం. చట్టం వల్ల డబ్బు, హోదా వచ్చాక ఆ పదవులకు పురుషులు పోటీకి వచ్చారు. ఇప్పుడు మహిళల జట్లకు శిక్షణ ఇచ్చేవారిలో స్త్రీలు సగం కంటే తక్కువ. కాండ్రియాను నేను మెచ్చుకుంటాను, ఆయన అర్హుడు. కానీ బాగా ఆడిన అమ్మాయికి ఆట తర్వాత దారి ఎవరో ఒకరు తెరిచి ఉంచాలి. ఎన్‌క్విస్ట్‌కు బ్యాకస్ ఆ దారి తెరిచింది, సగం పీట ఇచ్చి కూర్చోబెట్టింది. ప్రధాన పదవిని ఎనిమిదేళ్లు పంచుకోవడానికి ఒప్పుకున్న ఆ పెద్దావిడ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నాకు ఈ కథలో అసలు నాయిక షారన్ బ్యాకస్.

గోదారిగట్టు

నిర్మల గారూ, మీ మాట విన్నాక నా మొదటి ప్రశ్నకు మెరుగైన జవాబు దొరికింది. నేను ఎన్‌క్విస్ట్ ఓపికను చూశాను, మీరు బ్యాకస్ చేతిని చూపించారు. రెండూ కలిస్తేనే ఆ పదిహేడేళ్లు సాధ్యం.

లీసా ఫెర్నాండెజ్ గురించి కూడా చెప్పాలి. పిచర్‌గా యూసీఎల్ఏకు 93 గెలుపులు, 7 ఓటములు. 1993లో దేశం మొత్తంలో పిచింగ్ సగటులోనూ (అతి తక్కువ పరుగులు ఇవ్వడంలో), బ్యాటింగ్ సగటులోనూ మొదటి స్థానం ఆమెదే. 1996, 2000, 2004 ఒలింపిక్ స్వర్ణాలు మూడూ ఆమెకు ఉన్నాయి. సిడ్నీలో ఆస్ట్రేలియా మీద 25 మందిని స్ట్రైక్ అవుట్ చేసి కూడా పదమూడో ఇన్నింగ్స్‌లో ఒక హోమ్ రన్‌తో ఓడిపోయింది. ఈ ఆట చరిత్రలో అంత పేరున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆమె ఏళ్ల తరబడి యూసీఎల్ఏలో సహాయ శిక్షకురాలు. ప్రధాన శిక్షకురాలు ఎవరు? ఒకప్పుడు ఆమె విసిరిన బంతులు పట్టిన క్యాచర్ కెల్లీ ఇనౌయే పెరెజ్. పేరు పెద్దది కాబట్టి కుర్చీ కూడా పెద్దది కావాలని ఫెర్నాండెజ్ పట్టుపట్టలేదు. సరళ గారూ, మీ అమ్మాయి క్యాచర్ అన్నారు కదా, ఈ సంగతి ఆమెకు తప్పకుండా చెప్పండి.

సరళ_ఇర్విన్

చెప్పానండీ. మీ రాతలన్నీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. తెలుగు చదవడం దానికి రాదు, వినడం వచ్చు. ఫెర్నాండెజ్ దానికి తెలుసు, ఎన్‌క్విస్ట్ తెలియదు. 1978లో ఆమె ఆడిన వీడియోలు ఏవైనా ఉన్నాయా అని వెతుకుతోంది. ఈ వేసవిలో చిన్నపిల్లల శిబిరంలో సహాయకురాలిగా చేరతానంది. క్యాచర్లకు కూర్చునే పద్ధతి నేర్పించే పని ఇస్తారట. మా అన్నయ్యకు డాక్టరు గారి కథ పంపాను, ఇంకా జవాబు లేదు. గోపి గారూ, సెప్టెంబర్ 1 సంగతి నాకు ఎంతో మేలు చేసింది. మాకు పరిచయమున్న ఒక జట్టు నిర్వాహకులు ఇప్పుడే ఎక్కడో మాట తీసుకోకపోతే అవకాశం పోతుందని భయపెట్టారు.

వ్యాయామ మాస్టారు

సరళ గారూ, మీ అమ్మాయికి నా ఆశీస్సులు. మా వైపు దారి వేరుగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో సాఫ్ట్‌బాల్ ఉంది కాబట్టి, బాగా ఆడిన అమ్మాయి ముందు ఉద్యోగం కోసం చూస్తుంది. తప్పు లేదు, ఇంటి పరిస్థితి అలాంటిది. ఆ ఉద్యోగం వచ్చాక ఆట ఆగిపోతుంది. వ్యాయామ విద్యలో డిగ్రీ చేసి పాఠశాలకు తిరిగి వచ్చేవాళ్లు కొద్దిమంది. వచ్చినా వాళ్లు ఒంటరిగా మొదలుపెట్టాలి, పక్కన కూర్చోబెట్టుకునే బ్యాకస్ ఉండదు. నేనూ అలాగే మొదలుపెట్టాను. గ్లవ్స్ ఎన్ని కావాలో, క్యాచర్ ముఖానికి కవచం ఎందుకో అధికారులకు వివరించడంతోనే మొదటి సంవత్సరం గడిచిపోయింది.

నిర్మల గారి మాట చదివాక ఒక నిర్ణయం తీసుకున్నాను. మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇప్పుడు పక్క పట్టణంలో వ్యాయామ విద్య చదువుతోంది. మా సెంటర్ ఫీల్డర్. శని, ఆదివారాలు వచ్చి ఫీల్డింగ్ సాధన మొత్తం తానే చూసుకోమని అడుగుతాను. నేను పక్కన ఉంటాను గానీ, మైదానంలో మాట ఆమెదే. దారి ఖర్చులు, భోజనం నేను చూసుకుంటాను.

గోదారిగట్టు గారూ, ఒక చిన్న సందేహం. ఆరు, ఏడు తరగతుల పిల్లలను కొత్తగా తీసుకుంటున్నాను. వాళ్లు 43 అడుగుల నుంచి విసరలేకపోతున్నారు, భుజాలు నొప్పులంటున్నారు. అమెరికాలో ఆ వయసుకు ఎంత దూరం పెడతారు?

గోదారిగట్టు

మాస్టారూ, ఇక్కడ పదేళ్లలోపు పిల్లలకు 35 అడుగులు, పన్నెండేళ్లలోపు వారికి 40 అడుగులు. ఆ పైన 43. పదేళ్లలోపు వారికి బంతి కూడా పదకొండు అంగుళాలదే వాడతారు. ఎన్‌క్విస్ట్ ఆడిన రోజుల్లో కళాశాలల్లోనే 40 అడుగులు ఉండేది. పిచర్ల ముందు బ్యాటర్లు నిలవలేకపోవడంతో 1980ల చివరి భాగంలో 43కు పెంచారు. మీ ఆరో తరగతి పిల్లలు పదేళ్లు దాటినవాళ్లే అయినా, కొత్తవాళ్లు కాబట్టి నిస్సంకోచంగా 35 దగ్గర నిలబెట్టండి. భుజం నొప్పి ఉన్న పిల్లలకు ఆ వారం విసరడం పూర్తిగా మాన్పించి, బేస్ పరుగు సాధన చేయించండి.